హెచ్‌ఐవీ అవగాహన సేవకు టాంజానియా వెళ్లాలి: అనుభవానికి ఏ పత్రం చెల్లుతుంది?

నమస్కారం. తిరుపతికి చెందిన నేను నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం రేణిగుంట దగ్గర లారీలు ఆగే చోట డ్రైవర్లకూ క్లీనర్లకూ హెచ్‌ఐవీ నివారణ గురించి వివరిస్తున్నాను. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎదురైందన్న అనుమానం కలిగితే, అది జరిగిన 72 గంటల లోపే నివారణ మందు మొదలుపెట్టాలని చెప్పే పేజీ నా బొమ్మల పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువగా నలిగిపోయింది. ఎందుకంటే వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది దాని గురించే.

ఇదే పని మూడు నెలల పాటు టాంజానియాలో చేయడానికి అక్కడి ఒక సంస్థ సూత్రప్రాయంగా అంగీకరించింది. స్వచ్ఛంద సేవకులకు అక్కడ క్లాస్ సి నివాస అనుమతి అవసరం కాబట్టి, దరఖాస్తుతో జతచేయడానికి నా అనుభవాన్ని ధ్రువీకరించే పత్రం పంపమన్నారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. నేను పనిచేసిన స్థానిక బృందానికి రిజిస్ట్రేషన్ లేదు. నోటరీ చేయించిన అఫిడవిట్ పంపితే, అది నా సొంత వాంగ్మూలమే అవుతుందని తిప్పి పంపారు. హాజరు పుస్తకం నకళ్లు, ఫొటోలు కూడా చాలవన్నారు. పరీక్షల కోసం మేము మనుషులను పంపే ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో) లేఖ అడిగాను కానీ, బయటివారికి ఇచ్చే అధికారం తమకు లేదన్నారు. పాస్‌పోర్టు, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి; గడువు మాత్రం ఇంకా ఐదు వారాలే.

రిజిస్టర్ కాని బృందంతో పనిచేసి, విదేశాల్లో ఆరోగ్య అవగాహన సేవకు వెళ్లినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: మీ అనుభవానికి ఎవరు సంతకం చేసిన, ఏ రకమైన పత్రాన్ని అక్కడివారు అంగీకరించారు?