3.73 గేర్లు వేశాక గంటకు 66 మైళ్లు దాటితే వణుకు: డ్రైవ్‌షాఫ్టా, పినియన్ కోణమా?

నాది 1996 షెవర్లే ఇంపాలా ఎస్ఎస్, ఎల్‌టీ1 ఇంజన్, 4ఎల్60-ఇ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నెల క్రితం వెనక డిఫరెన్షియల్‌లో (ఇరుసు మధ్య చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) 3.08 గేర్లు తీసేసి నేనే 3.73 వేశాను, అంటే చక్రం ఒక చుట్టుకు డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు శక్తి తెచ్చే గొట్టం) 3.73 చుట్లు తిరుగుతుంది. కంప్యూటర్‌లో రేషియో మార్చాక స్పీడోమీటర్ జీపీఎస్‌తో సరిపోతోంది. పికప్ మాత్రం అదిరింది, ఆ మాట ఒప్పుకోవాలి.

గంటకు 60 మైళ్ల దాకా ఏమీ లేదు. 66 దగ్గర సీటు కింద సన్నగా వణుకు మొదలవుతుంది. 72కి వచ్చేసరికి అద్దంలో వెనక ట్రక్కు రెండుగా కనిపిస్తుంది. అదే వేగంలో న్యూట్రల్‌లో వేసినా తగ్గదు కాబట్టి ఇంజన్, కన్వర్టర్ (ఇంజన్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో కలిపేది) కాదనుకుంటున్నా. గేర్ల గోల అసలు లేదు, బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య సందు) 0.008 అంగుళం.

నాలుగు టైర్లూ మళ్లీ బ్యాలెన్స్ చేయించా. షాఫ్ట్ చివర్లలోని రెండు క్రాస్‌లూ (యూనివర్సల్ జాయింట్లు) కొత్తవి వేశా. షాఫ్ట్‌ను పినియన్ (షాఫ్ట్ తిప్పే డిఫరెన్షియల్ చిన్న గేరు) దగ్గర అర చుట్టు తిప్పి బిగిస్తే వణుకు 66 నుంచి 68కి జరిగింది, అంతే. టైర్ల సైజు మారలేదు కాబట్టి షాఫ్ట్ ఇప్పుడు అదే వేగానికి 21 శాతం ఎక్కువ తిరుగుతోంది. షాఫ్ట్ పాతదే. పినియన్ కోణం, అంటే షాఫ్ట్‌తో పోలిస్తే పినియన్ వాలు, ఇంకా కొలవలేదు.

ఈ లక్షణాలకు ముందు షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించాలా, పినియన్ కోణం సరిచేయాలా?