ఇంగ్లండ్‌లో ఆధునిక బానిసత్వ కేసు: కౌన్సిల్‌కు చెప్పిన వివరాలు ఎవరెవరికి చేరుతాయి?

లలిత, మిడ్‌లాండ్స్

అందరికీ నమస్కారం. మా జిల్లా నుంచి కేర్ వర్కర్ వీసా మీద ఇక్కడికి వచ్చిన ఒక అమ్మాయి గురించి సలహా కోరుతున్నాను. ఏజెంటుకు కట్టడానికి ఇంట్లోవాళ్లు పొలం తాకట్టు పెట్టారు. ఇక్కడి యజమాని ఆమె పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకుని, అద్దె పేరు చెప్పి, శిక్షణ పేరు చెప్పి జీతంలో పెద్ద భాగం కోసేసుకుంటూ, ఎదురు మాట్లాడితే వీసా రద్దు చేయిస్తానని బెదిరిస్తున్నాడు. కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) సోషల్ వర్కర్ ఒకరు ఆమెను కలిసి, ఆధునిక బానిసత్వ బాధితురాలిగా ఆమె పేరు పైకి పంపుతామనీ, అందుకు ఆమె ఒప్పుకోవాలనీ చెప్పారు. వివరాలు వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోమ్ ఆఫీస్‌కు వెళితే వీసాకు ముప్పు వస్తుందేమోనని ఆమె భయపడుతోంది. ఏజెంటు మనుషులకు తెలిస్తే ఊళ్లో తల్లిదండ్రుల మీదికి వెళతారేమోనని అంతకంటే ఎక్కువ భయపడుతోంది. ఒప్పుకుంటే ఈ సమాచారం ఎవరెవరి చేతికి వెళుతుంది? ఒప్పుకోకపోతే, ఇప్పటికే చెప్పిన మాటలను కౌన్సిల్ ఏం చేస్తుంది?

శ్రీనివాస్, కౌన్సిల్ సంరక్షణ విభాగం

లలిత గారూ, నేను ఇంకో ప్రాంతంలోని కౌన్సిల్‌లో ఇదే పనిలో ఉన్నాను కాబట్టి జరిగే తీరు చెప్పగలను. సోషల్ వర్కర్ ప్రస్తావించినది 2009 నుంచి అమల్లో ఉన్న నేషనల్ రిఫరల్ మెకానిజం, అంటే ఇలాంటి బాధితులను గుర్తించి సాయం అందించే ప్రభుత్వ ఏర్పాటు. ఫారం నింపేది కౌన్సిలే అయినా అది వెళ్లేది హోమ్ ఆఫీస్‌కు, నిర్ణయం తీసుకునేదీ అక్కడి విభాగమే. పోలీసులకూ సమాచారం అందుతుంది. పేరు, పుట్టిన తేదీ, దేశం, అప్పు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందన్న సంగతి వంటివన్నీ అందులో ఉంటాయి. హోమ్ ఆఫీస్‌కు ఏమీ తెలియదని ఆమెకు ఎవరైనా ధైర్యం చెబితే అది అబద్ధమే అవుతుంది. వినడానికి కష్టంగా ఉన్నా, ఆమె ఈ నిజం తెలుసుకుని ఒప్పుకోవడమే మేలు. అలాగని పేరు పంపినంత మాత్రాన వీసా రద్దు కాదు. బాధితురాలై ఉండవచ్చని మొదటి నిర్ణయం వస్తే, కోలుకోవడానికి కనీసం 30 రోజుల గడువు ఇస్తారు. కొన్ని మినహాయింపులు ఉన్నా, ఆ గడువులో దేశం నుంచి పంపేయకూడదు.

ఆమె ఒప్పుకోకపోతే పేరు పంపడానికి వీల్లేదు. 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి వ్యక్తి తారసపడ్డారని కౌన్సిల్ హోమ్ ఆఫీస్‌కు తెలియజేయక తప్పదు గానీ, 18 ఏళ్లు నిండినవారి సమ్మతి లేకుండా వారిని గుర్తుపట్టే వివరమేదీ అందులో ఉండకూడదు. పిల్లల విషయంలో సమ్మతితో పని లేదు.

మాధవి, డేటా రక్షణ సలహాదారు

శ్రీనివాస్ గారు చెప్పిన దానికి ఒక సంగతి జోడించాలి. చాలామంది ఇక్కడే తడబడుతున్నారు. ఆమె అడ్డుకోగలిగేది పేరు పైకి పంపడాన్ని మాత్రమే. కౌన్సిల్ తన ఫైలులో రాసుకోవడానికి ఆమె సమ్మతి ఆధారం కాదు, చట్టం తనకు అప్పగించిన బాధ్యత ఆధారంగానే రాసుకుంటుంది. అందువల్ల ఆమె కాదన్నా ఫైలు చెరిగిపోదు. ఆమెకో, అదే ఇంట్లో ఉంటున్న మిగతా పనివాళ్లకో తీవ్రమైన ప్రమాదం ఉందని తోస్తే, సమ్మతి లేకుండానే పోలీసులకు చెప్పే అవకాశం కూడా కౌన్సిల్‌కు ఉంది. ఈ మాటను సోషల్ వర్కర్లు తొలి సమావేశంలోనే విడమరచి చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. సంతకం చేయకపోతే ఎవరికీ తెలియదనుకుని అన్నీ చెప్పేసిన మనిషికి, ఆ తర్వాత పోలీసులు తలుపు తడితే ఇక ఏ అధికారి మీదా నమ్మకం మిగలదు.

తన గురించి ఏం రాశారో చూపమని ఆమె కౌన్సిల్‌ను అడగవచ్చు. రుసుము ఉండదు, మామూలుగా నెల రోజుల్లో ఇవ్వాలి. తేదీలో గానీ, అప్పు మొత్తంలో గానీ తప్పు దొర్లితే సరిచేయమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. ఆ చిన్న తేడాయే తర్వాత ఆమె మాట నమ్మదగినది కాదనడానికి కారణం కావచ్చు.

వెంకటరమణ, ఇంటర్‌ప్రెటర్

అమ్మా, మీరు చెప్పిన రెండో భయానికి ఆఫీసు కాగితాల కంటే మన మధ్య పాకే కబురే ఎక్కువ కారణమవుతుంది. ఇక్కడి ఒక్కో ఊళ్లో తెలుగు కుటుంబాలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి, గుడిలోనో బతుకమ్మ ఆటలోనో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. వేరే ఊరి ఇంటర్‌ప్రెటర్‌ను ఫోన్‌లో పెట్టమనీ, తన పూర్తి పేరు, సొంత ఊరి పేరు ఇంటర్‌ప్రెటర్‌కు చెప్పవద్దనీ ఆమె కోరాలి. దయచేసి మీరు గానీ, తోటి పనివాళ్లు గానీ మధ్యలో అనువాదం చేయకండి. ఆమె ఉంటున్నది యజమాని ఇచ్చిన ఇల్లయితే, అక్కడికి వచ్చే కవర్లు ముందుగా సూపర్‌వైజర్ చేతిలో పడతాయి. కౌన్సిల్ ముద్ర ఉన్న ఒక్క కవరు చాలు. ఉత్తరాలు పంపవద్దనీ, ఫలానా నంబరుకు ఫలానా వేళలోనే ఫోన్ చేయాలనీ ఫైలు మొదటి పేజీలోనే రాయించండి.

లలిత

అందరికీ కృతజ్ఞతలు. కవర్ల సంగతి మాకెవరికీ తట్టలేదు, రేపే చెప్పిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. తన గురించి ఏం రాశారో చూపమని ఆ యజమాని కూడా కౌన్సిల్‌ను అడగవచ్చా?

మాధవి

అడగవచ్చు లలిత గారూ, ఆయన మీద రాసినది ఆయన వివరమే కదా. అయితే అది ఎవరు చెప్పారో బయటపడే భాగాన్ని కౌన్సిల్ తొలగించవచ్చు, నేర విచారణకు అడ్డు వస్తుందనుకుంటే ఇవ్వకుండానే ఆపవచ్చు. పేరు కొట్టేసినంత మాత్రాన సరిపోదు. పాస్‌పోర్టు ఫలానా రోజు తీసుకున్నాడని ఉంటే చాలు, చెప్పింది ఎవరో ఆయనకు తెలిసిపోతుంది. ఆయన నుంచి అలాంటి అర్జీ వస్తే, జవాబు ఇచ్చే ముందు తనకు కబురు చేయమని ఆమె ఇప్పుడే సోషల్ వర్కర్‌ను కోరి, ఆ కోరికను ఫైలులో రాయించడం మంచిది.