జైళ్లకు సలహా కమిటీ వేస్తే ఖర్చు దండగా?

కొత్తచిగురు: మన తెలంగాణ జైళ్లను తిరిగి చూసి ప్రభుత్వానికి సలహాలిచ్చే కమిటీ ఒకటి ఉండాలని నా అభిప్రాయం. ఒక రిటైర్డ్ జడ్జి, డాక్టరు, లాయరు, జైల్లో పనిచేసి వచ్చిన ఆఫీసరు చాలు. జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం, ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. పెద్ద ఖర్చు కూడా కాదు. ఏమంటారు?

లెక్కలమాస్టారు: "పెద్ద ఖర్చు కాదు" అన్నారు చూడండి, అక్కడే నాకు డౌటు. ఛైర్మన్‌కు కారు ఉంటుందా, ఉండదా? అద్దె కారే అనుకుందాం. డ్రైవరు, డీజిలు కలిపి నెలకు 40 వేలు వేసుకోండి. ఏడాదికి 4 లక్షల 80 వేలు. కారు వచ్చాక గది, గదికి ఏసీ, ఏసీ గది బయట స్టూలు మీద ఒక అటెండరు. ఇవన్నీ కుదిరాక అప్పుడు జైలు గుర్తొస్తుంది.

బాటసారి: మా ఊరి బస్టాండుకు కూడా ఒక కమిటీ వేయండి బాబూ.

పాతగుమాస్తా: మాస్టారూ, నేను 31 ఏళ్లు సర్కారు బిల్లులు చూసినవాణ్ని. కమిటీకి అయ్యేది చిల్లర. ఆ రిపోర్టు బీరువాలో పెట్టి తాళం వేస్తారే, అదీ అసలు నష్టం. జైళ్ల సంస్కరణ కోసం కేంద్రం వేసిన జస్టిస్ ముల్లా కమిటీ 1980లో మొదలై 1983లో రిపోర్టిచ్చింది. 1894 నాటి జైళ్ల చట్టం మార్చమని అప్పుడే చెప్పింది. దాని బదులు కేంద్రం నమూనా చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది 2023లో. మధ్యలో సుప్రీంకోర్టు 2018లో జస్టిస్ అమితవ రాయ్ కమిటీ వేసింది, 2022 చివర్లో ఆ రిపోర్టూ వచ్చింది. కొత్తగా చెప్పడానికి ఇంకేం మిగిలింది? అదీగాక, జైలుకు సందర్శకుల బోర్డు ఎప్పటినుంచో ఉంది. జడ్జి, కలెక్టరు, ఊళ్లోని పెద్దమనుషులు వెళ్లి చూడాలి. వెళ్తారు, పుస్తకంలో "శుభ్రంగా ఉంది" అని రాసి టీ తాగి వస్తారు.

లెక్కలమాస్టారు: మరి ఆ టీ ఖర్చెవరిది?

కొత్తచిగురు: మాస్టారూ, టీ దగ్గర ఆగిపోకండి. 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో పట్టేది 4 లక్షల 36 వేల మంది. ఉన్నది 5 లక్షల 73 వేలు. అందులో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. జైళ్లు వాళ్లతోనే నిండిపోయాయి.

లెక్కలమాస్టారు: అది దేశం లెక్క. నేనడిగింది కారు లెక్క.

వానచినుకు: ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. మా పెద్దమ్మ కొడుకు 2021లో లోపలికి వెళ్లాడు. మూడేళ్లకు మించి శిక్ష పడని కేసు. ఐదో నెలలోనే బెయిలొచ్చింది, 20 వేల చొప్పున ఇద్దరు జామీను ఉండాలన్నారు. పెద్దమ్మ నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. ఇంటిపన్ను రసీదు ఉన్నవాళ్లెవరూ ఆవిడ కోసం కోర్టు మెట్లెక్కలేదు. కోర్టు బయట చెట్టు కింద ఒకాయన తాను జామీను ఉంటానని 8 వేలు అడిగాడు. మొత్తం 19 నెలలు లోపలే ఉన్నాడు. పడగలిగే గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిస్తే వదలొచ్చని సీఆర్‌పీసీలో (అప్పటి నేర విచారణ చట్టం) 436ఏ సెక్షన్ అప్పటికే ఉంది. అది 18 నెలలకే దాటిపోయింది, ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టలేదు. ములాఖత్‌లో జాలీ అవతల నుంచి వాడు అడిగేది ఒకటే: "అమ్మా, ఎవరన్నా దొరికారా?"

పాతగుమాస్తా: చాలా బాధగా ఉందమ్మా. అలాంటివాళ్ల కేసులు చూడటానికే ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన రివ్యూ కమిటీ ఉండాలి, 2015లో సుప్రీంకోర్టు చెప్పినదే. 2023లో కేంద్రం పేద ఖైదీల పథకం కూడా పెట్టింది, బెయిలు కోసం 40 వేల దాకా ఇస్తామని అప్పుడు చెప్పారు.

లెక్కలమాస్టారు: చూశారా! ఉన్న కమిటీ ఒకడికి 18 నెలలు లెక్కపెట్టలేకపోయింది. దాని నెత్తిన ఇంకో కమిటీనా?

వానచినుకు: 40 వేలు, మాస్టారూ. మీరు చెప్పిన కారు నెల అద్దె. అది మాత్రం బాగానే లెక్కేశారు.

లెక్కలమాస్టారు: నన్ను ఎత్తిపొడవకండి. వినండి. 2019లో సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా అమ్మ వాకిట్లో ముగ్గేస్తోంది. బండి మీద ఇద్దరొచ్చి మెడలో గొలుసు లాగారు. ఆవిడ గడప మీద పడి తుంటి విరిగింది. ఆపరేషన్‌కు లక్షా డెబ్బై వేలు, అప్పు చేసి కట్టాను. పట్టుబడ్డవాడు రెండు నెలల్లో బయటికొచ్చి మా సందు చివర టీ బండి దగ్గర నిలబడ్డాడు. అమ్మ మళ్లీ ముగ్గు వేయలేదు. వాళ్లకు జైల్లో ఫ్యాను తిరుగుతోందా లేదా అని చూడటానికి జడ్జిలు, డాక్టర్లు కావాలి. మా అమ్మ ఎలా ఉందని చూడటానికి ఎవరొచ్చారు?

బాటసారి: అబ్బో.

కొత్తచిగురు: అంటే మీ గొడవ కారు గురించి కాదన్నమాట. ఆ సంగతి మొదటే చెప్పొచ్చుగా.

లెక్కలమాస్టారు: కారు గురించి కూడా.

పాతగుమాస్తా: దెబ్బ తిన్నవాళ్లకు పరిహారం ఇచ్చే పథకం ఉంది మాస్టారూ. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి.

లెక్కలమాస్టారు: ఆ మాట అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

వానచినుకు: మాకూ ఎవరూ చెప్పలేదు. మాస్టారూ, మావాడిదీ దొంగతనం కేసే. గొలుసు కాదు, బస్సులో సెల్‌ఫోన్. తీశాడో లేదో ఇప్పటికీ తేలలేదు. వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి.

కొత్తచిగురు: మాస్టారూ, ఉన్నారా?

లెక్కలమాస్టారు: ఉన్నాను. అమ్మకు మందులిచ్చి వచ్చాను. వానచినుకు గారూ, వాయిదాలకు మీ పెద్దమ్మ దేంట్లో వెళ్తుంది?

వానచినుకు: ఆర్టీసీ బస్సులో. ఆ రోజు నాలుగిళ్ల పనీ పోతుంది, జీతంలో కోస్తారు.

లెక్కలమాస్టారు: సరే. కమిటీ వేసుకోండి. కోర్టులో, జైలు గేటు దగ్గర ఎవరికి ఏం రావాలో చెప్పే మనిషిని కూర్చోబెడతామంటే నాకు అభ్యంతరం లేదు. కారు మాత్రం ఇవ్వొద్దు. బస్సు పాస్ ఇవ్వండి.

పాతగుమాస్తా: బస్సు పాస్ మీద ఏ రిటైర్డ్ జడ్జి వస్తారండీ?

లెక్కలమాస్టారు: నేనూ అదే అంటున్నా.