లేత బర్గండీ వైన్లను అంచనా వేయడం ఎలా?

వైన్ రుచి చూడటంలో అనుభవమున్న వారి సలహా కోరుతున్నాను. ఉద్యోగరీత్యా ఫ్రాన్స్‌లో ఉంటున్న నేను, మొన్న మార్చిలో బర్గండీ ప్రాంతంలోని బోన్ పట్టణం దగ్గరి ఒక నేలమాళిగలో, ఇంకా సీసాలకెక్కని లేత వైన్లను 228 లీటర్ల ఓక్ పీపాల నుంచే రుచి చూశాను. బర్గండీలో చాలాచోట్ల చేసినట్టే ముందు ఎరుపు, తరువాత తెలుపు పోశారు.

పినో న్వార్ ద్రాక్షతో చేసిన ఎరుపు వైన్ చెర్రీ వాసనతో బాగానే మొదలైంది గానీ, మింగాక పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లు బిగుసుకుపోయాయి. ఆ వగరు గింజలు, తొడిమల నుంచి వచ్చిందా, కొత్త పీపా నుంచి వచ్చిందా, ఏళ్లు గడిస్తే ఆ వగరులో మెత్తబడేదెంత అన్నది నాలుక మీదే గుర్తుపట్టే మార్గం ఉందా?

షార్దొనే ద్రాక్షతో చేసిన తెలుపు వైన్ నన్ను ఇంకా తికమకపెట్టింది. గ్లాసు ఎత్తగానే అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన వేసింది. పది నిమిషాలు తిప్పాక అది తగ్గి నిమ్మతొక్క వాసన బయటపడింది. దీన్ని లోపంగా రాసుకోవాలా, తయారీదారు కావాలనే ఉంచిన గుణంగా భావించాలా? పైగా మాలిక్ ఆమ్లం మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారే దశ ఇంకా పూర్తికాలేదన్నారు. అలాంటప్పుడు ఆ పులుపును బట్టి ఏదైనా తేల్చవచ్చా, లేక వేసవి దాటాక మళ్లీ రుచి చూడటమే మేలా? చింతకాయ పచ్చడితో పెరిగిన నా నాలుకను పులుపు విషయంలో నేనే అంతగా నమ్మను.