భార్యకు హెచ్‌ఐవీ ఉన్నా భర్తకు సోకకపోవడం జన్యువుల వల్లేనా?

ప్రశ్న (రాజోలు, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు):
నాకు తెలిసిన దంపతుల్లో భార్యకు హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలి చాలా ఏళ్లయింది. భర్తకు మాత్రం ఎప్పుడు పరీక్ష చేసినా లేదనే వస్తోంది. ఆయన రక్తంలోనే ఏదో బలం ఉందని బంధువులు చెప్పడంతో ఆయన పరీక్షలకు వెళ్లడమే మానేశారు. పుట్టుకతో వచ్చిన జన్యువులు నిజంగా అంత రక్షణ ఇస్తాయా?

జవాబు (కాకినాడ, మైక్రోబయాలజీ అధ్యాపకురాలు):
మాస్టారూ, అలాంటి జన్యువు ఒకటి ఉన్న మాట నిజమే. హెచ్‌ఐవీ కణంలోకి చొరబడడానికి కణం పైనుండే సీడీ4 అనే ప్రోటీన్‌తో పాటు సాధారణంగా సీసీఆర్5 అనే మరో ప్రోటీన్ కూడా కావాలి. సీసీఆర్5ను తయారుచేసే జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాలు లోపించిన రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమించినవారి కణాలపై ఈ ప్రోటీన్ ఉండదు కనుక, వైరస్ వారికి సోకడం చాలా అరుదని 1996లో తేలింది. బెర్లిన్‌లో లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) చికిత్స పొందిన తిమొతీ రే బ్రౌన్‌కు 2007లో అటువంటి దాత మూలకణాలనే ఎక్కించగా, ఆయన హెచ్‌ఐవీ నుంచి కూడా విముక్తులయ్యారు. అయితే ఇలా రెండు ప్రతులూ ఉన్నవారు ఉత్తర ఐరోపా సంతతిలోనే సుమారు 1 శాతం. మన దేశంలో దాదాపు కనిపించరు. పైగా సీఎక్స్‌సీఆర్4 అనే వేరే ప్రోటీన్ ద్వారా ప్రవేశించే వైరస్ రకాలను ఈ లోపం ఆపలేదు.

హెచ్‌ఎల్‌ఏ జన్యువుల సంగతి వేరు. సోకిన కణంలోని వైరస్ ముక్కలను పైకి తెచ్చి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు చూపించేవి ఇవి తయారుచేసే ప్రోటీన్లే. వీటిలో బి57, బి27 అనే రకాలు చూపించే ముక్కల్లో కొన్నింటిని వైరస్ మార్చుకుంటే దాని వృద్ధే కుంటుపడుతుంది. అందుకే ఈ రకాలున్న చాలామందిలో వ్యాధి నెమ్మదిగా ముదురుతుంది. బి35లోని కొన్ని రకాలతో ఇది తలకిందులై, వ్యాధి వేగంగా ముదురుతుంది. ఇదంతా వైరస్ సోకిన తరువాతి కథ అని, సోకకుండా కాపాడే కవచం కాదని దయచేసి ఆయనకు వివరించండి.

జవాబు (అమలాపురం, కౌన్సెలర్):
జన్యువుల కంటే ముందు ఆమె హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఎలా వాడుతున్నారో అడగండి. క్రమం తప్పకుండా వాడి, వైరల్ లోడ్‌ను (రక్తంలోని వైరస్ పరిమాణాన్ని) పరీక్షకు అందని స్థాయిలో నిలుపుకున్నవారి నుంచి లైంగికంగా వైరస్ సోకదు. భర్తను ఇన్నాళ్లూ కాపాడింది ఆమె రోజూ వేసుకున్న మాత్రే కావచ్చు. ఆ గౌరవం ఆమెకు దక్కకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఆమె మందులు మానకుండా వాడుతున్నారు. ఆయనకు సీసీఆర్5 పరీక్ష చేయించమంటారా?

జవాబు (అమలాపురం, కౌన్సెలర్):
అవసరం లేదు మాస్టారూ. ఆయనకు కావలసింది మామూలు హెచ్‌ఐవీ పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో) ఉచితంగా, గోప్యంగా చేస్తారు. వెళ్లడానికి సంకోచిస్తే ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి మాట్లాడమనండి.