గాజువాక బస్సు సింహాచలం కొండ మీద కనిపిస్తోంది, సాయం చేయండి

ప్రశ్న (మధురవాడ): అన్నలూ, కాలేజీ బస్సులు ఎక్కడున్నాయో చూపించే సర్వర్‌ను సి భాషలో రాశాను. బస్సుకో కనెక్షన్, కనెక్షన్‌కో థ్రెడ్ (మిగతావాటితో పాటే విడిగా నడిచే పని). ఒక్క బస్సుతో చక్కగా నడుస్తుంది. మూడు కలిశాయంటే ఒకదాని వివరాలు ఇంకోదాని పేరు మీద వస్తున్నాయి. వచ్చిన డేటా ఉంచే బఫర్, బస్సు నంబరు, వచ్చిన బైట్ల లెక్క, అన్నీ ప్రోగ్రామ్ మొత్తానికీ ఒక్కటే ఉండేలా గ్లోబల్‌గా పెట్టాను. తప్పు ఎక్కడో చూద్దామని విలువలు తెరపై చూపే ప్రింట్‌ఎఫ్ పెడితే తప్పే మాయమవుతోంది! ఎల్లుండి డెమో, ఒకటే టెన్షన్.

జవాబు (అక్కయ్యపాలెం): రోగం నువ్వే చెప్పేశావు తమ్ముడూ. థ్రెడ్లు ఎన్నున్నా గ్లోబల్ వేరియబుల్ ఒక్కటే. మొదటి థ్రెడ్ నంబరు రాసుకుని డేటా కోసం ఆగిందా, రెండోది వచ్చి దాని మీదే తన నంబరు రాసేస్తుంది. ప్రింట్‌ఎఫ్ వల్ల టైమింగ్ మారుతుంది, అంతే. తప్పు ఎక్కడికీ పోలేదు.

నువ్వు గ్లోబల్‌గా పెట్టిన ఆ మూడింటినీ, సాకెట్ నంబరునీ కలిపి ఒక స్ట్రక్ట్ చెయ్యి. కొత్త కనెక్షన్ యాక్సెప్ట్ అయిన ప్రతిసారీ మెమరీ ఇచ్చే మాలాక్‌తో కొత్తది తీసుకుని, థ్రెడ్‌ను మొదలుపెట్టే పీథ్రెడ్ క్రియేట్‌కి నాలుగో ఆర్గ్యుమెంట్‌గా దాని పాయింటర్ (మెమరీ అడ్రస్) ఇవ్వు. ఫంక్షన్లన్నీ ఆ పాయింటర్‌నే మొదటి పారామీటర్‌గా తీసుకోవాలి. కనెక్షన్ తెగాక ఆ థ్రెడ్డే ఆ మెమరీని ఫ్రీ చెయ్యాలి. లూప్‌లోని లోకల్ వేరియబుల్ అడ్రస్ మాత్రం పంపకు. నేనోసారి అలా పంపి రాత్రంతా జాగారం చేశాను.

ప్రశ్న: మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలే లాక్) పెట్టేస్తే సరిపోదా అన్నా? మార్పులు తక్కువ కదా.

జవాబు: లాక్ పట్టుకుని డేటా కోసం ఎదురుచూస్తే, ఘాట్‌లో సిగ్నల్ పోయిన ఒక్క బస్సు కోసం అన్నీ ఆగిపోతాయి. మధ్యలో లాక్ వదిలావా, మళ్లీ కథ మొదటికే. థ్రెడ్ లోకల్ (థ్రెడ్‌కో కాపీ ఉండే వేరియబుల్) అని ఇంకెవరైనా సలహా ఇస్తారు. ఈ రోజుకి పనిచేస్తుంది. రేపు ఒకే థ్రెడ్ పది కనెక్షన్లు చూసుకునేలా మార్చితే అదే తంటా.

ఇంకో సభ్యురాలు (సీతమ్మధార): వాక్యాన్ని ముక్కలు చెయ్యడానికి స్ట్రిటాక్ వాడుతున్నారా? అది ఎంతవరకు చదివిందో తన లోపలే దాచుకుంటుంది, అదీ గ్లోబల్ లాంటిదే. ఆ గుర్తును మన వేరియబుల్లో ఉంచే స్ట్రిటాక్_ఆర్ వాడండి. కంపైల్ చేసేటప్పుడు థ్రెడ్ శానిటైజర్ ఆన్ చేస్తే ఏ లైన్లో గొడవ ఉందో అదే చెప్తుంది.

ప్రశ్న: ఉంది మేడమ్, అదీ మార్చాను. బస్సులు వాటి దారిన అవి వెళ్తున్నాయి. శానిటైజర్ ఒక్కచోటే అరుస్తోంది: మొత్తం కనెక్షన్ల లెక్కకి ఒకటి కలిపే దగ్గర.

జవాబు: అది నిజంగానే అందరిదీ, గ్లోబల్‌గానే ఉండనీ. కాకపోతే చదవడం, కలపడం, రాయడం మూడు పనులు కదా, మధ్యలో ఇంకో థ్రెడ్ దూరుతుంది. సి11లో వచ్చిన అటామిక్ ఇంట్ (ఆ మూడూ ఒకే పనిగా జరిగే పూర్ణాంకం) చెయ్యి, మ్యూటెక్స్ కూడా అక్కర్లేదు.