టెలోమియర్లు పొట్టివైపోయాయట: తమ్ముడి మూలుగ అన్నకి ఎక్కించొచ్చా?

రాయగడ అమ్మ:
మా పెద్దాడికి రక్తకణాలు మూడు రకాలూ పడిపోయాయి. మా వైపు రక్తం తక్కువంటే ముందు సికిల్‌సెల్‌ పరీక్షే చేస్తారు కదా, అందులో ఏమీ లేదు. అప్లాస్టిక్ ఎనీమియా అన్నారు, అంటే మూలుగ సరిపడా రక్తకణాలు తయారుచేయడం లేదట. విశాఖలో డాక్టరుగారు వాడి గోళ్లు పెళుసుబారడం, నాలుక మీది తెల్లమచ్చ, మెడ మీద వలలాంటి నలుపు చూసి జన్యు పరీక్ష రాశారు. డికెసి1 జన్యువులో తేడా ఉందట, జబ్బు పేరు డిస్కెరటోసిస్ కంజెనిటా. దానివల్ల కణాల్లోని క్రోమోజోముల కొసలు, అదే టెలోమియర్లు, పొట్టివైపోయాయట. చిన్నాడు ఆరోగ్యంగానే ఉన్నాడు, వాడి మూలుగ ఇవ్వొచ్చా?

పర్లాకిమిడి తమ్ముడు:
అక్కా, చిన్నబాబుకీ అదే జన్యు పరీక్ష చేయించకుండా ఒప్పుకోకండి. పైకి బాగున్నవాళ్లలోనూ ఇది ఉండొచ్చు. మా అన్నయ్యకి నేను ఇద్దామనుకున్నాను, దాత మూలుగ సరిపోతుందో లేదో చెప్పే హెచ్‌ఎల్‌ఏ పరీక్షలో కలిసింది కూడా. తీరా నాకూ టెలోమియర్లు పొట్టివేనని తేలి, నన్ను వద్దన్నారు. బయటి దాత దొరికాక వెల్లూరులో మూలుగ మార్పిడి అయింది. ఈ జబ్బువాళ్ల ఊపిరితిత్తులు, కాలేయం మార్పిడికి ముందు ఇచ్చే కీమో మందుల్ని ఎక్కువ మోతాదులో తట్టుకోవు, అందుకే తగ్గించి ఇచ్చారు. దాని గురించి మీరూ అడగండి.

బరంపురం మాస్టారు:
అమ్మా, క్రోమోజోము కొసల్లో టిటిఎజిజిజి అనే ఆరక్షరాల వరస వేలసార్లు ఉంటుంది, అదే టెలోమియర్. కణం విడిపోయిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. మూలుగలోని మూలకణాలు జన్మంతా విడిపోవాలి కాబట్టి టెలోమరేజ్ అనే ఎంజైమ్ ఆ అరుగుదలని కొంత పూడుస్తుంది. డికెసి1 తయారుచేసే డిస్కెరిన్ లేనిదే ఆ ఎంజైమ్ నిలబడదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. తల్లి నుంచి వచ్చుంటే ప్రతి కొడుక్కీ సగం అవకాశం. ఇందులో మీ తప్పు రవ్వంత లేదు తల్లీ, ఎవరేమన్నా వినకండి. టెలోమరేజ్‌కి సంబంధించిన టెర్ట్, టెర్క్ అనే జన్యువుల్లో తేడా ఉన్న ఇళ్లలో తరం మారేకొద్దీ ఇంకా చిన్న వయసులోనే బయటపడొచ్చు.

గుణుపూర్ వదిన:
మావారికి ఇలాంటి జబ్బుకే డానజాల్ అనే, మగ హార్మోను లాంటి మందు ఇస్తున్నారు. 2016లో వెలువడిన అమెరికా అధ్యయనంలో టెలోమియర్ జబ్బున్న 27 మందికి ఇచ్చి చూస్తే చాలామందిలో రక్తకణాలు పెరిగాయి. కాలేయం పరీక్షలు తప్పవు. పిల్లలకైతే డాక్టరు మాట మీదే.

రాయగడ అమ్మ:
చిన్నాడి రక్తం జన్యు పరీక్షకి ఇచ్చి వచ్చాం. ఈలోగా పెద్దాడి నాలుకకి ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి తమ్ముడు:
ఆ తెల్లమచ్చ క్యాన్సర్‌గా మారొచ్చు అక్కా, 6 నెలలకోసారి పళ్ల డాక్టరుకి చూపించండి. మార్పిడి అయినా అది ఆపకూడదు, మారేది రక్తం ఒక్కటే. ఇంట్లో ఎవరూ వాడి దగ్గర చుట్ట, బీడీ కాల్చొద్దు.